మన్రో దొర – మన సీమ భూమి, మన నీళ్లు

మన సొసైటీ సావనీరులో గొప్పవారి జీవితం రాసేటప్పుడు మన సమాజంలోని పెద్దలను తలచుకోవడం సహజం. అయితే గుత్తి వాళ్లం మనం మరచిపోకూడని ఒక పరాయి దేశస్థుడు కూడా ఉన్నాడు. ఆయనది మన మతం కాదు, మన దేశమూ కాదు. కంపెనీ కొలువు కోసం వచ్చిన సిపాయి. కానీ ఈ కరువు సీమలో ఏ పొలం ఎంత ఉంది, ఏ చెరువు కింద ఏ మడి పండుతుంది, రైతు దగ్గర ఎంత తీసుకుంటే వాడు మళ్లీ మడక కట్టగలడు అనే లెక్కను ఊరూరా తిరిగి తేల్చినవాడు ఆయనే. చివరికి ఈ సీమలోనే కన్ను మూసి, మన కోట కొండ పాదాన మట్టిలో కలిసినాడు. ఆయనే సర్ థామస్ మన్రో. మన పల్లెల్లో ముసలివాళ్లు మన్రో దొర అని చెప్పుకున్నది ఈయన్ని గురించే.

బాల్యం, కొలువు

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశంలోని గ్లాస్గో పట్టణంలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా వాళ్లు ఇంగ్లండు మీద తిరగబడి యుద్ధం రావడంతో ఆ వ్యాపారం దివాలా తీసింది. కలిగిన ఇంట్లో పుట్టిన పిల్లవాడు పొట్ట చేతపట్టుకుని బయలుదేరవలసి వచ్చింది. 1780 జనవరిలో, పందొమ్మిదేళ్లు కూడా నిండకముందే, కంపెనీ పటాలంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు.

అదే సంవత్సరం హైదరలీ కర్ణాటకం మీదికి దండెత్తాడు. మన్రో ఆ యుద్ధంలోనూ, తరువాత టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల్లోనూ పనిచేశాడు. తక్కిన దొరలు తీరిక వేళల్లో వేట, విందులు అంటుంటే ఈయన మాత్రం మున్షీల దగ్గర కూర్చుని హిందుస్తానీ, పారశీకం నేర్చుకున్నాడు. ఒక పారశీక రాతప్రతిలోని కథను ఇంగ్లీషులోకి మార్చి స్వదేశానికి పంపాడు కూడా. ఈ భాషాజ్ఞానమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1792లో టిప్పు దగ్గర నుంచి కంపెనీకి వచ్చిన బారామహల్ ప్రాంతం, అంటే ఇప్పటి సేలం వైపు నేల, చక్కబెట్టడానికి దేశభాషలు వచ్చినవాళ్లు కావలసి వచ్చారు. కెప్టెన్ అలెగ్జాండరు రీడ్‌కు సహాయకుడిగా మన్రో అక్కడ ఏడేళ్లు ఉన్నాడు. మధ్య దళారీ లేకుండా రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకునే పద్ధతిని రీడ్ అక్కడ మొదలుపెట్టాడు. మన్రో ఆ పద్ధతిని అక్కడే నేర్చుకుని, తరువాత పెద్దది చేశాడు.

దత్త మండలాల కలెక్టరు

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు రాజ్యంలో కొంత భాగం హైదరాబాదు నైజాముకు దక్కింది. మరుసటి ఏడు 1800 అక్టోబరులో, తన కోసం కంపెనీ ఉంచే పటాలం ఖర్చు కింద నైజాము ఆ నేలను తిరిగి కంపెనీకే ఇచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత కలిసిన ఆ ప్రాంతానికే దత్త మండలాలు అని పేరు. ఆ పేరు మనసుకు నొప్పిగా ఉందని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకున్నాం. ఆ దత్త మండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు మన్రో. 1800 నుంచి 1807 దాకా ఏడేళ్లు ఇక్కడ ఉన్నాడు. మొదట్లో అనంతపురమే ఆయనకు ముఖ్యస్థానం.

అప్పటి సీమ పరిస్థితి మాటల్లో చెప్పలేం. విజయనగరం పోయినాక ఎందరు ఏలినారో లెక్క లేదు. మన గుత్తి సంగతే చూడండి. కోటలో మరాఠా సర్దారు మురారిరావు ఏలాడు. 1770ల మధ్యలో హైదరలీ కోటను చుట్టుముట్టినప్పుడు అంత ఎత్తైన కోట ఫిరంగులకు లొంగలేదు. కొండ మీది బావుల్లో, కుంటల్లో నీళ్లు అడుగంటిన తరువాతే లొంగింది. ఈ సీమలో రాజులనైనా, రైతులనైనా ఓడించేది నీటి కరువే అనడానికి మన కోటే సాక్ష్యం.

మన్రో వచ్చేటప్పటికి సుమారు 80 మంది పాలెగాళ్లు తమ తమ పాలేల్లో సైన్యం పెట్టుకుని, ఎవరికి తోచినట్లు వాళ్లు రైతును పిండుతున్నారు. ఒక్క పంటకు ఇద్దరు ముగ్గురికి కట్టుకోవలసిన రోజులవి. మన్రో వాళ్ల బలగాలను తీసివేశాడు. కొందరిని వెళ్లగొట్టాడు, కొందరికి భరణాలు ఏర్పాటు చేశాడు. ఈ పనిలో ఆయన కఠినంగా ఉన్నాడని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

డేరాలో కచేరీ, గొలుసుతో కొలత

ఆ ఏడేళ్లు ఆయన బంగళాలో ఉన్నది తక్కువ, డేరాలో ఉన్నది ఎక్కువ. తాలూకా తరువాత తాలూకా తిరిగేవాడు. వెంట పటాలాన్ని తీసుకుపోయేవాడు కాదు. పటాలంతో పోతే రైతు దగ్గరకు రాడని ఆయనకు తెలుసు. చెట్టు కింద డేరా వేసి, వచ్చిన ప్రతివాడి మొర వినేవాడు. ఈ ఊళ్లో ఈ నేల గురించి రెడ్డి ఒక మాట చెబుతాడు, కరణం ఒక లెక్క చూపిస్తాడు, రైతు ఇంకొకటి చెబుతాడు. ముగ్గురి మాటా విని, నేలను కళ్లారా చూస్తే గాని నిజం తేలదని ఆయన నమ్మకం.

1802లో సర్వే మొదలుపెట్టాడు. అప్పటికి భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు ఆయన కచేరీలో నలుగురే. వాళ్ల చేత తక్కినవాళ్లకు నేర్పించి, ఆ సంఖ్యను నూరుకు పెంచాడు. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. ఎకరాన్ని గుంటల్లో చెప్పే లెక్క ఇదే.

ఈ సర్వేలో గమనించవలసిన విషయం ఒకటుంది. సాగులో ఉన్న పొలాలను మాత్రమే కొలిచి ఊరుకోలేదు. కొండలు, బండలు తప్ప మిగతా నేల అంతా కొలిచారు. ఊరి స్థలం, బాటలు, చెరువు లోపలి భాగం, వాగులు, బీళ్లు, అడవి అన్నీ లెక్కలోకి ఎక్కాయి. అంటే ఒక ఊరిని కేవలం శిస్తు వచ్చే పొలాల కుప్పగా కాకుండా, నేల, నీరు, బాట, బీడు కలిసిన ఒక మొత్తంగా రాసి పెట్టారన్నమాట. కొలిచినవాళ్ల వెనక తరం కట్టేవాళ్లు వచ్చేవారు. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, నల్లరేగడి ఏది, ఎర్రనేల ఏది, గులక నేల ఏది అని చూసి రేటు నిర్ణయించేవారు. ఆ తరువాత రెడ్డిని, కరణాన్ని, రైతులను కచేరీకి పిలిపించి, ఆ రేటు న్యాయమో కాదో అడిగేవారు. మన్రో స్వయంగా సరిచూసి హెచ్చుతగ్గులు చేసేవాడు. రైతు పేర పట్టా ఇచ్చేవారు. ఇదే రైతువారీ పద్ధతి.

ఇక్కడ మనవాళ్లు సంతోషించే సంగతి ఒకటి చెప్పాలి. ఆ లెక్కల్లో వాడిన మాటలు చాలావరకు మన పెద్దల కచేరీ మాటలే. రైతు అనే మాటే అరబ్బీలోని రయ్యత్ నుంచి వచ్చింది. తాలూకా, జిల్లా, తహసీలు, జమాబందీ, ఫసలీ, ఇనాము, కిస్తు, పైమాషి, తకావీ అన్నీ పారశీక, అరబ్బీ దారుల్లో వచ్చి తెలుగు రైతు నోట స్థిరపడినవి. దొర కొత్త ప్రభుత్వం తెచ్చినా, మాటలనూ, లెక్కలు తెలిసిన మున్షీలనూ, కరణాలనూ పాతవాళ్లనే పెట్టుకున్నాడు. ఉన్న పద్ధతిని తెలుసుకోకుండా కొత్తది రుద్దకూడదనేది ఆయన రీతి.

చెరువులూ, బావులూ

అనంతపురం నేలలో వాన తక్కువ. పడేది కూడా నాలుగు రోజుల్లో కురిసి పోతుంది. పడిన నీటిని పట్టుకోవడమే ఇక్కడి సేద్యం. అందుకే మన పూర్వీకులు వాగు కనపడిన చోటల్లా కట్ట వేశారు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు విజయనగర ప్రభువు బుక్కరాయల కాలంది. చెరువు కట్టినవాడికి, మరమ్మతు చేసేవాడికి దశబంధం ఇనాము ఇచ్చే ఆచారం ఉండేది. చెరువు బాగుంటే వాడి ఇనామూ పండుతుంది. చెరువు చెడితే వాడూ చెడతాడు. నీటిని కాపాడేవాడికే దాని లాభంలో పాలు పెట్టిన తెలివైన ఏర్పాటు అది.

మన్రో ఈ సంగతి బాగా గ్రహించాడు. కొత్త చెరువులు విరివిగా కడదామని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోలేదు. పూడిపోయిన చెరువు బాగుచేయడమే కష్టం, దానికంటే కష్టం కొత్త చెరువుకు చోటు దొరకడం అన్నాడు. చెరువుకు అనువైన చోటు ఒక్కటి కూడా వదలకుండా ఇక్కడి జనం ఏనాడో వాడేసుకున్నారని ఆయన తీర్మానం. ఒక పరాయి దొర మన పెద్దల పనితనానికి ఇచ్చిన యోగ్యతాపత్రం ఇంతకంటే ఏం కావాలి? ఆయన ఏలుబడిలోనే 1803లో వానలు లేక కరువు వచ్చింది. 1804లో వానలు మీరి చెరువు కట్టలు తెగాయి. ఒక ఏడు ఎండ, ఒక ఏడు ముంపు. రెండూ ఈ సీమ ముఖాలే. ఎద్దులకు, విత్తనాలకు, బావులకు రైతులకు తకావీ అప్పులు ఇప్పించాడు.

ఏడేళ్లలో శిస్తు ఆదాయం సుమారు 4 లక్షల పౌన్ల నుంచి 6 లక్షల పౌన్లకు పెరిగింది. కంపెనీ వాళ్లు ఎంతో మెచ్చుకున్నారు. మరొకడైతే ఆ మెప్పుతో తృప్తిపడి ఓడ ఎక్కేవాడు. మన్రో అలా చేయలేదు. ఈ శిస్తు ఎక్కువ, ఇది నిలవదు అని తానే రాశాడు.

1807 ఆగస్టు నివేదిక

మన్రో జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. సీమలో రైతు పండించినదాంట్లో నూటికి 45 వంతులు సర్కారుకు పోతున్నాయని ఆయన లెక్క తేల్చాడు. మూడో వంతుకు మించి తీసుకుంటే రైతుకు ఏమీ మిగలదు, మిగలకపోతే నేలను బాగుచేయడు, బావి తవ్వడు, భూమికి విలువే ఉండదు అన్నాడు. కాబట్టి అన్ని భూముల మీద నూటికి 25 తగ్గించమన్నాడు. బావుల నీటితో, వాగుల నుంచి తోడుకునే నీటితో పండే భూములకు ఇంకో 8 కలిపి, మొత్తం నూటికి 33 తగ్గించమన్నాడు. దానికి ఒక షరతు పెట్టాడు. ఆ బావులు, ఆ చిన్న కట్టల మరమ్మతు రైతులే చూసుకోవాలి.

ఈ షరతులోని వివేకం చూడండి. కష్టపడి కపిల బావి తవ్వితే శిస్తు పెరుగుతుందంటే ఎవడు తవ్వుతాడు? తవ్వినవాడికి భారం తగ్గుతుందంటే ఊరంతా తవ్వుతుంది. నీటిని, నేలను బాగుచేసేవాడికి శిక్ష కాకుండా లాభం ఉండాలన్నది ఆయన సూత్రం. ఈనాడు ప్రాంతీయ ప్రణాళిక అనీ, వాటర్‌షెడ్ అనీ, పర్యావరణానికి చేటు లేని అభివృద్ధి అనీ పెద్ద పెద్ద మాటలు వింటున్నాం. ఆ ఆలోచనలకు దగ్గరి మాటే ఇదీ అనిపిస్తుంది.

అయితే పైవాళ్లు వినలేదు. యుద్ధాల ఖర్చులకు డబ్బు కావలసి ఆదాయం తగ్గించుకోవడానికి సర్కారు ఒప్పుకోలేదు. మన్రో 1807లో సెలవు మీద స్వదేశం వెళ్లగానే రైతువారీ తీసేసి, ఊళ్లను మూడేళ్ల గుత్తకు, ఆ తరువాత పదేళ్ల గుత్తకు ఇచ్చేశారు. పాట పెంచి గుత్తకు తీసుకున్నవాళ్లు మొదట రైతును ముంచారు, తరువాత తామూ మునిగారు. ఏడేళ్లు డేరాల్లో తిరిగి కట్టిన పని కొద్ది సంవత్సరాల్లో చెదిరిపోయింది.

గవర్నరుగా

ఇంగ్లండులో మన్రో ఊరికే కూర్చోలేదు. 1813లో పార్లమెంటు సభ ముందు సాక్ష్యం చెబుతూ ఈ దేశం వాళ్ల సేద్యపు నేర్పును, చేతి పనిని, పల్లె బడులను, ఇంటి మర్యాదను మెచ్చుకున్నాడు. 1814లో జేన్ కాంబెల్‌ను పెళ్లాడి తిరిగి వచ్చాడు. ఆయన కృషి వల్ల 1816లో ఊరి మునసబులకు చిన్న తగాదాలు తీర్చే అధికారం, పంచాయతీలకు గుర్తింపు వచ్చాయి. 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. అప్పుడు దత్త మండలాలకు తాను 1807లో అడిగిన తగ్గింపును తానే అమలుచేశాడు. రైతువారీ మళ్లీ వచ్చింది. పదమూడేళ్లు ఆలస్యం అయింది. ఆ మధ్యలో చితికిపోయిన సంసారాలకు మాత్రం అది అక్కరకు రాలేదు.

విద్య విషయంలో ఆయన చేసిన పని మన సొసైటీ లాంటివాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగింది. 1822లో రాజధాని అంతటా బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులం ఏ మతం వాళ్లెందరు అని లెక్క తీయమన్నాడు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. ఆ లెక్క చూసిన తరువాత 1826లో ప్రతి కలెక్టరు జిల్లాలో రెండు పెద్ద బడులు, ఒకటి హిందువులకు, ఒకటి ముస్లిములకు, పెట్టాలని ప్రతిపాదించాడు. తాలూకాల్లో వేరే బడులు. ముందు లెక్క, తరువాత పథకం. భూమికి ఏ పద్ధతో చదువుకూ అదే పద్ధతి.

చివరి ప్రయాణం

1826లో కొడుకు జబ్బుపడితే భార్య వాణ్ణి తీసుకుని ఓడ ఎక్కింది. మన్రో కూడా రాజీనామా పంపాడు గాని, కొత్త గవర్నరు రావడం ఆలస్యమైంది. పోయేముందు తాను పాతికేళ్ల కిందట తిరిగిన సీమను ఒక్కసారి చూసి పోదామని 1827 మే చివర మద్రాసు నుంచి బయలుదేరాడు. ఎండలు, కలరా కాలం. గుత్తి చేరేటప్పటికి విడిదిలో కలరా సోకింది. అక్కడి నుంచి పత్తికొండ చేరినాక జులై 6వ తేదీన ఆయనకే వచ్చింది. ఆ రాత్రే ప్రాణం పోయింది. మరునాడు గుత్తికి తెచ్చి కోట కింద ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు.

ఆయన జ్ఞాపకార్థం గుత్తిలో సత్రం, పత్తికొండలో తోపు, మెట్ల బావి ఏర్పాటుచేశారు. మద్రాసులో గుర్రం మీద ఆయన విగ్రహం నిలిపారు. విగ్రహం కంటే తోపు, బావి ఆయనకు తగిన గుర్తులని నాకు అనిపిస్తుంది. సీమలో ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. మంత్రాలయం స్వామితో మాట్లాడినాడనీ, గండిలో ఎవరికీ కనపడని బంగారు తోరణం ఆయనకు కనపడిందనీ కథలు చెబుతారు. కథలు కథలే గాని, జనం ఊరికే కథలు కట్టరు.

మంచి చెడ్డలు

ఆయన్ని దేవుణ్ణి చేయనక్కరలేదు. ఎంత దయ ఉన్నా ఆయన కంపెనీ మనిషి. శిస్తు వసూలే ఆయన కొలువు. తగ్గించిన తరువాత కూడా ఆ శిస్తు భారమే. ప్రతి రైతూ విడివిడిగా సర్కారుకు రూకలు కట్టవలసి రావడంతో అప్పుల వాళ్ల చేతుల్లో పడ్డాడు. చెరువు మరమ్మతు ఊరిది కాకుండా సర్కారుది అయిపోయి, సర్కారు పట్టించుకోక ఎన్నో చెరువులు పూడిపోయాయి. 1876-78 కరువులో సీమ జనం వేలకు వేలు చనిపోయారు. రైతువారీ ఒక్కటే వాళ్లను కాపాడలేకపోయింది. మన్రో సూత్రంలో సగమే మిగిలింది. శిస్తు లెక్క మిగిలింది, నీటిని చూసుకునేవాడికి ఇచ్చే లాభం పోయింది.

మనం నేర్చుకోవలసింది

తరువాత తుంగభద్ర ఎగువ కాలువ వచ్చింది, 2012 నుంచి హంద్రీ-నీవా నీళ్లు వచ్చాయి. అయినా మన ప్రాంతం వానకు ఎదురుచూసే ప్రాంతమే. కపిల బావులు పోయి బోర్లు వచ్చాయి. నీళ్లు పడని బోరు మీద అప్పు చేసిన సంసారాలు మన సొసైటీ సభ్యుల్లోనూ ఉన్నాయి. ఒక పక్క బోరు లోతు పెంచుతూ, మరో పక్క ఆ బోరుకు ఊట ఇచ్చే కుంటను మట్టితో పూడ్చి ప్లాట్లు వేస్తే లాభమేమిటి?

అందుకే పాఠకులకు నాలుగు మాటలు మనవి. ఇంటి స్థలం కొనేముందు దాని సర్వే నంబరు చూసుకోండి. అడంగల్‌లో, ఊరి పటంలో అది చెరువు గర్భమో, వాగు పొరంబోకో తెలుసుకోండి. నీరు తన దారి మరచిపోదు, ఒక పెద్ద వానకు వెతుక్కుంటూ వస్తుంది. మసీదు, దర్గా, ఖబరస్తాన్ స్థలాల కాగితాలు భద్రం చేసుకోండి. కొలత లేని భూమి దిక్కులేని భూమి. మిద్దె మీద పడిన వాన నీటిని ఇంటి బావిలోకో, ఇంకుడు గుంతలోకో మళ్లించండి. వేసవిలో వాడవాళ్లంతా కలిసి దగ్గరి కుంటలో పూడిక తీయండి. హిందువులు, ముస్లిములు అనే తేడా నీటికి లేదు. చెరువు నిండితే అందరి బావులూ ఊరుతాయి.

మన్రో దొర గొలుసు పట్టుకుని ఈ నేల మీద తిరిగి రెండు వందల ఏళ్లు దాటింది. ఆయన కొలిచిన గుంట ఈనాటికీ గుంటగానే ఉంది. ఆయన లెక్కలో రాయించిన చెరువులను కూడా చెరువులుగానే మన బిడ్డలకు అప్పగించడం మన చేతుల్లో ఉంది. ఆ పనికి మన సొసైటీ యువకులు ముందుకు వస్తారని ఆశిద్దాం.